వాడిన కార్లలో సరికాని చక్రాలు, టైర్లు

వాడిన కారుకు (వ్యవహారంలో సెకండ్ హ్యాండ్ కారు) ఉన్న చక్రాలు గానీ, టైర్లు గానీ తయారీదారు నిర్దేశించిన కొలతకు, రకానికి, అమరికకు భిన్నంగా ఉంటే వాటిని సరికాని చక్రాలు, సరికాని టైర్లు అంటారు. పాత కారు కొనేవారు సాధారణంగా ఇంజను, రంగు, తిరిగిన కిలోమీటర్లు పరిశీలిస్తారు. టైర్ల విషయంలో అవి ఎంత అరిగాయో మాత్రమే చూస్తారు. కానీ కొత్తగా మెరిసే టైరు కూడా ఆ కారుకు తగనిది కావచ్చు.

కారు మొత్తంలో నేలను తాకే భాగం నాలుగు టైర్ల అడుగు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు దాదాపు అరచేయి అంత ఉంటుంది. బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా ఫలితం కనిపించేది అక్కడే. "చక్రం హబ్‌కు పట్టింది, నట్లు బిగిశాయి, కనుక సరిపోయినట్లే" అన్నది ఈ విషయంలో తరచుగా వినిపించే అపోహ. పట్టడం వేరు, సరిపోవడం వేరు.

కారణాలు

సరికాని చక్రాలు, టైర్లు కారుకు చేరడానికి ముఖ్యమైన కారణాలు ఇవి:

* మొదటి యజమాని అందం కోసం ఇనుప చక్రాలు తీసివేసి, వెడల్పైన అల్లాయ్ చక్రాలు వేయించడం.
* టైరు పాడైనపుడు సరైన కొలత దుకాణంలో దొరకక, దగ్గరి కొలతతో సరిపెట్టుకోవడం.
* కారు అమ్మే ముందు మంచి టైర్లను తీసి, వేరే కారు నుండి తెచ్చిన పాత టైర్లు బిగించడం.
* పంక్చరు వేసిన తరువాత టైరును తిరగేసి గానీ, వేరే వైపు గానీ బిగించడం.

వీటిలో కొన్ని మోసం, కొన్ని అజాగ్రత్త, కొన్ని కేవలం తెలియకపోవడం. కారణం ఏదైనా ప్రమాదం మాత్రం కొత్త యజమానికే సంక్రమిస్తుంది.

సరైన కొలత ఎక్కడ ఉంటుంది?

చాలా కార్లలో డ్రైవరు వైపు తలుపు తెరిచినపుడు కనిపించే స్తంభంపై ఒక కాగితపు పట్టీ అతికించి ఉంటుంది. దానిపై టైరు కొలత, పెట్టవలసిన గాలి పీడనం ముద్రించబడి ఉంటాయి. కొన్ని కార్లలో ఇది పెట్రోలు మూత లోపలి వైపున ఉంటుంది. ఇవే వివరాలు కారుతో ఇచ్చిన యజమాని పుస్తకంలోనూ ఉంటాయి.

ఒకే కారుకు ఒకటి కంటే ఎక్కువ కొలతలు ఆమోదించబడి ఉండవచ్చు. ఉదాహరణకు, భారతదేశంలో 2011లో విడుదలైన రెండవ తరం మారుతి స్విఫ్ట్‌లో తక్కువ ధర రకాలకు 165/80 ఆర్ 14 టైర్లు, ఎక్కువ ధర రకాలకు 185/65 ఆర్ 15 టైర్లు ఇచ్చారు. వాడిన స్విఫ్ట్‌పై ఈ రెండింటిలో ఏది ఉన్నా, దానికి తగిన చక్రం కూడా ఉన్నట్లయితే దోషం కాదు. కారుపై ఇప్పుడున్న టైరును చూసి అదే సరైన కొలత అనుకోవడం మాత్రం పొరపాటు.

టైరుపై ఉండే గుర్తులు

టైరు పక్కగోడపై 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉన్నదనుకుందాం. దాని అర్థం ఈ క్రింది విధంగా ఉంటుంది:

* 185 - టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
* 65 - వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలిపే సంఖ్య.
* ఆర్ - రేడియల్ నిర్మాణం.
* 15 - రిమ్ము వ్యాసం, అంగుళాలలో.
* 88 - బరువు సూచిక. ఈ సంఖ్య గల టైరు 560 కిలోలు మోయగలదు.
* హెచ్ - వేగ సూచిక. గంటకు 210 కి.మీ. వరకు అని అర్థం. టి అయితే 190 కి.మీ., ఎస్ అయితే 180 కి.మీ.

ఇవి గాక నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. రబ్బరు వాడకపోయినా కాలక్రమేణా గట్టిపడుతుంది. అందుచేత ఐదేళ్ళు దాటిన టైర్లను ఏటా పరీక్షించాలని, పదేళ్ళు దాటితే అరగకపోయినా మార్చాలని పలువురు తయారీదారులు సూచిస్తారు. సంవత్సరానికి పదిహేను వందల కిలోమీటర్లు కూడా తిరగని కార్లలో ఈ విషయం మరింత ముఖ్యం. ఎందుకంటే వాటి టైర్ల గాళ్ళు లోతుగానే కనిపిస్తాయి.

టైరు కొలత మారితే కలిగే ఫలితాలు

టైరు మొత్తం వ్యాసాన్ని సులభంగా లెక్కించవచ్చు. 185/65 ఆర్ 15 టైరుకు:

పక్కగోడ ఎత్తు = 185 × 65 ÷ 100 = 120.25 మి.మీ.
రిమ్ము వ్యాసం = 15 × 25.4 = 381 మి.మీ.
టైరు వ్యాసం = 381 + (2 × 120.25) = 621.5 మి.మీ.

ఇదే పద్ధతిలో మరికొన్ని కొలతలను దీనితో పోల్చి చూస్తే:

* 165/80 ఆర్ 14 - వ్యాసం 619.6 మి.మీ. (0.3 శాతం తక్కువ)
* 195/55 ఆర్ 16 - వ్యాసం 620.9 మి.మీ. (0.1 శాతం తక్కువ)
* 205/65 ఆర్ 15 - వ్యాసం 647.5 మి.మీ. (4.2 శాతం ఎక్కువ)
* 165/65 ఆర్ 14 - వ్యాసం 570.1 మి.మీ. (8.3 శాతం తక్కువ)

మూడవది మొదటి తరం టొయోటా ఇన్నోవాలో వాడిన కొలత. రిమ్ము వ్యాసం 15 అంగుళాలే కనుక అది స్విఫ్ట్ చక్రానికి కూడా ఎక్కుతుంది. కానీ అప్పుడు స్పీడోమీటరు 100 చూపినపుడు కారు నిజంగా సుమారు 104 కి.మీ. వేగంతో పోతుంది. మొదటి నుండీ ఆ టైర్లతోనే తిరిగి ఉంటే, మీటరులో 50,000 కి.మీ. ఉన్న కారు నిజానికి 52,000 కి.మీ. తిరిగి ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు, గుంతలో పడినపుడు టైరు లోపలి ప్లాస్టిక్ కవచానికి గానీ, సస్పెన్షను భాగాలకు గానీ రాసుకునే అవకాశం ఉంది.

నాలుగవది హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 లో కనిపించే కొలత. దీనిని 14 అంగుళాల చక్రాలున్న స్విఫ్ట్‌కు వేస్తే కారు దాదాపు 25 మి.మీ. కిందికి దిగుతుంది. స్పీడు బ్రేకర్ల వద్ద అడుగు తగులుతుంది. అంతకంటే ముఖ్యమైనది బరువు. 165/80 ఆర్ 14 టైరుకు సాధారణంగా బరువు సూచిక 85, అనగా 515 కిలోలు. 165/65 ఆర్ 14 టైరుకు 79, అనగా 437 కిలోలు. ఒక్కొక్క టైరుకు 78 కిలోల సామర్థ్యం తగ్గిపోతుంది. డ్రైవరు ఒక్కడే ఉన్నపుడు ఈ లోటు తెలియదు. ఐదుగురు మనుషులు, సామానుతో ఎండాకాలంలో జాతీయ రహదారిపై వేగంగా పోయేటపుడు టైరు వేడెక్కి పగిలే ప్రమాదం పెరుగుతుంది.

కనుక టైరు మార్చేటపుడు మూడు నియమాలు పాటించాలి. మొత్తం వ్యాసం అసలు కొలతకు దగ్గరగా ఉండాలి. బరువు, వేగ సూచికలు నిర్దేశించిన వాటికి తగ్గకూడదు. టైరు వెడల్పు రిమ్ము వెడల్పుకు తగినదై ఉండాలి. 185/65 ఆర్ 15 టైరుకు 5 నుండి 6.5 అంగుళాల వెడల్పు గల రిమ్ము అవసరం.

చక్రం కొలతలు

టైరు కొలతలు పక్కగోడపై బయటికే కనిపిస్తాయి. చక్రం కొలతలు సాధారణంగా లోపలి వైపున ఉంటాయి. అందువలన చక్రం విప్పనిదే తెలియవు.

బోల్టుల వలయం: చక్రాన్ని హబ్‌కు పట్టించే స్టడ్‌ల కేంద్రాల గుండా పోయే వృత్తం వ్యాసాన్ని పి.సి.డి. అంటారు. స్విఫ్ట్‌కు ఇది నాలుగు స్టడ్‌లు, 100 మి.మీ. ఇన్నోవాకు ఐదు స్టడ్‌లు, 114.3 మి.మీ. ఈ రెండు చక్రాలు ఒకదానికొకటి ఎక్కనే ఎక్కవు కనుక ప్రమాదం లేదు. ప్రమాదం స్వల్ప తేడాలలో ఉంటుంది. ఫియట్ పాలియో, పుంటో కార్ల చక్రాలకు పి.సి.డి. 98 మి.మీ. దీనిని 100 మి.మీ. హబ్‌కు బలవంతంగా బిగిస్తే నట్లు వంకరగా కూర్చుంటాయి. స్టడ్‌లు వంగి, కొంతకాలానికి తెగిపోయి చక్రం ఊడిపోవచ్చు.

మధ్య రంధ్రం: హబ్ మధ్యలో ఉండే గుండ్రని పొంగు చక్రాన్ని సరిగ్గా కేంద్రంలో నిలుపుతుంది. స్విఫ్ట్‌లో దీని వ్యాసం 54.1 మి.మీ. బయట అమ్మే అల్లాయ్ చక్రాలు పలు కార్లకు సరిపోవాలని పెద్ద రంధ్రంతో తయారవుతాయి. ఆ ఖాళీని పూరించే వలయాన్ని మధ్యలో అమర్చకపోతే చక్రం కేంద్రం తప్పి బిగుసుకోవచ్చు. ఎన్నిసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా, 80 కి.మీ. వేగం దాటగానే స్టీరింగు వణకడానికి ఇది ఒక కారణం.

ఆఫ్‌సెట్: చక్రం వెడల్పు మధ్య గీతకు, హబ్‌కు ఆనే ముఖానికి నడుమ దూరం. ఇది సాధారణంగా ఇ.టి. 45 వంటి గుర్తుతో ఉంటుంది. అదే వెడల్పు గల ఇ.టి. 25 చక్రం వేస్తే అది 20 మి.మీ. బయటికి జరుగుతుంది. చూపులకు కారు బలంగా నిలబడినట్లు కనిపిస్తుంది. కానీ బేరింగులపై భారం పెరుగుతుంది, గుంతలలో స్టీరింగు చేతిని లాగుతుంది.

నట్లు: నట్టు కూర్చునే ముఖం కొన్ని చక్రాలలో శంఖువు ఆకారంలో, కొన్నింటిలో గోళాకారంలో, కొన్నింటిలో చదునుగా ఉంటుంది. చక్రం గుంత ఒక ఆకారంలో, నట్టు మరొక ఆకారంలో ఉంటే, ఎంత బిగించినా పట్టు కొద్ది చోటులోనే ఉండి, ప్రయాణంలో వదులవుతుంది. మరలు పట్టే పొడవు కనీసం స్టడ్ వ్యాసమంత ఉండాలి. 12 మి.మీ. స్టడ్‌పై మర దూరం 1.25 మి.మీ. అయితే నట్టు సుమారు పది చుట్లు తిరగాలి. నాలుగైదు చుట్లకే బిగుసుకుంటే ఆ కారును నడపరాదు.

అమరికలో దోషాలు

కొలత సరైనదైనా అమరిక తప్పు కావచ్చు.

* దిశ గల టైర్లు: పక్కగోడపై బాణం గుర్తు ఉంటుంది. కారు ముందుకు పోయేటపుడు చక్రం ఆ దిశలోనే తిరగాలి. తిరగేసి ఉంటే వానలో నీటిని పక్కకు నెట్టే శక్తి తగ్గుతుంది.
* లోపల, బయట తేడా గల టైర్లు: వీటి పక్కగోడపై బయటి వైపు ఏదో తెలిపే ముద్ర ఉంటుంది. ఆ ముద్ర కారు బయటి నుండి కనిపించాలి.
* ఒకే ఇరుసుపై వేర్వేరు టైర్లు: కుడి, ఎడమ టైర్లు ఒకే కొలత, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల కలిగి ఉండాలి. లేనిచో బ్రేకు వేసినపుడు కారు ఒక వైపుకు లాగుతుంది.
* రెండే కొత్త టైర్లు వేస్తే: వాటిని వెనుక ఇరుసుకు వేయాలి. ముందు చక్రాలతో నడిచే కార్లకు కూడా ఇదే వర్తిస్తుంది. తడి రోడ్డుపై వెనుక భాగం జారితే కారును అదుపు చేయడం చాలా కష్టం.

ఏ.బి.ఎస్. బ్రేకులున్న కార్లలో ప్రతి చక్రం వేగాన్ని సెన్సార్లు పోల్చి చూస్తుంటాయి. భారతదేశంలో 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లన్నింటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. నాలుగు చక్రాల వ్యాసాలు ఎక్కువ తేడాతో ఉంటే ఈ వ్యవస్థ పొరబడి హెచ్చరిక దీపం వెలగవచ్చు.

కొనే ముందు పరిశీలన

1. తలుపు స్తంభంపై ఉన్న పట్టీలోని కొలతను వ్రాసుకోవాలి.
2. నాలుగు టైర్లతో పాటు స్టెప్నీ కొలత, సూచికలు, తయారీ తేదీ విడివిడిగా వ్రాసుకొని పోల్చాలి.
3. బాణం గుర్తులు, బయటి వైపు ముద్రలు చూడాలి.
4. స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి, రాపిడి శబ్దం, మెరిసిన గీతలు ఉన్నాయేమో చూడాలి.
5. ఖాళీ రోడ్డుపై చట్టబద్ధమైన వేగంలో నడిపి, వణుకు, ఒక వైపు లాగుడు గమనించాలి.
6. అల్లాయ్ చక్రాలు బయట కొన్నవైతే, మెకానిక్ చేత ఒక చక్రం విప్పించి లోపలి గుర్తులు చదవాలి.
7. దొంగతనం నివారించే లాక్ నట్లు ఉంటే, వాటి తాళం అమ్మకందారు నుండి తీసుకోవాలి. అది లేకుంటే దారిలో పంక్చరు అయినపుడు చక్రం ఊడదీయలేరు.
8. అల్లాయ్ చక్రాల నట్లు ఇనుప స్టెప్నీకి కూడా సరిపోతాయో లేదో చూడాలి.

సరిదిద్దే విధానం

దోషాలన్నీ ఒకే స్థాయివి కావు. పి.సి.డి. తప్పినా, నట్లు చక్రానికి సరిపోకపోయినా, టైరు పక్కగోడ ఉబ్బినా, కారును ఇంటికి కూడా నడిపించుకొని పోరాదు. అక్కడే చక్రం మార్పించాలి. బరువు సూచిక తగ్గినపుడు, ఒకే ఇరుసుపై వేర్వేరు కొలతలు ఉన్నపుడు దూర ప్రయాణానికి ముందే టైర్లు మార్చాలి.

కొన్ని దోషాలకు పెద్ద ఖర్చు ఉండదు. దిశ గల టైర్లు ఒక జత రెండూ తిరగబడి ఉంటే, కుడి చక్రాన్ని ఎడమకు, ఎడమ చక్రాన్ని కుడికి మార్చితే చాలు. బయటి వైపు ముద్ర లోపలికి పోయిన టైరును మాత్రం రిమ్ము నుండి విప్పి మళ్ళీ ఎక్కించాలి. మధ్య రంధ్రం పెద్దదైతే తగిన వలయం అమర్చాలి.

చక్రాలు మార్చవలసి వస్తే అదే కారు అసలు చక్రాలను వెతకడం ఉత్తమం. వాడిన చక్రమైతే వంపు, పగులు, వెల్డింగు చేసిన గుర్తులు లేవని నిర్ధారించుకోవాలి. నట్లను ఒకదాని తరువాత ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ, చివరగా టార్క్ రెంచితో యజమాని పుస్తకంలో ఇచ్చిన విలువకు బిగించాలి. స్టడ్‌లకు నూనె రాయరాదు. 50 నుండి 100 కి.మీ. తిరిగిన తరువాత మరల ఒకసారి బిగింపు చూడాలి. పని పూర్తయ్యాక వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించి, పట్టీలో ఉన్న పీడనానికి గాలి పెట్టించాలి.

కారు బేరం కుదరక ముందే దోషాలు తెలిస్తే, అమ్మకందారు చేతనే సరిచేయించడానికి గానీ, ఐదు టైర్ల ఖర్చు ధరలో తగ్గించుకోవడానికి గానీ వీలుంటుంది. డబ్బు చెల్లించిన తరువాత ఈ అవకాశం అరుదు.

చట్టం, బీమా

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. ఈ సెక్షనును సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో వివరించింది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 లోని 94, 95 నియమాలు టైర్ల స్థితి, కొలతలకు సంబంధించినవి. కారు టైరు గాళ్ళ లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు. గాళ్ళ మధ్య ఉండే చిన్న దిమ్మెలతో సమానంగా టైరు అరిగితే ఆ హద్దు చేరినట్లే.

బయట కొన్న అల్లాయ్ చక్రాల గురించి బీమా సంస్థకు తెలియజేయకపోతే, ప్రమాదం జరిగినపుడు పరిహారం విషయంలో వివాదం రావచ్చు. కారు పేరు మార్పిడితో పాటు బీమాను మార్చుకొనేటపుడే ఈ వివరం వ్రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది.

ఇవి కూడా చూడండి

* టైరు
* చక్రం
* స్పీడోమీటరు
* బ్రేకు
* మోటారు వాహనాల చట్టం, 1988