గాలి సంగతి చెప్పే రాతిపువ్వు

మసాలాలో వేసే రాతిపువ్వు మనందరికీ తెలిసినదే కదండీ! నిజానికది పువ్వు కాదు. బూజూ, నాచూ కలిసి కాపురం చేసే లైకెన్. ఈ లైకెన్లు రాళ్లమీదా, చెట్ల బెరడుమీదా పెరుగుతాయి. వేళ్లు లేవు కనుక తేమా, లవణాలూ ఎక్కువగా గాలి నుంచీ, వాన నుంచీ పీల్చుకుంటాయి. అందుచేత గాలిలోని విషమూ వాటి ఒంటికి పడుతుంది. బొగ్గు పొగలోని గంధకపు వాయువు సోకితే చాలా రకాలు బతకవు.

1866లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు నైలాండర్, పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో లైకెన్లను పరిశీలించి, గాలి శుభ్రతను ఇవే చెబుతాయన్నాడు. తరువాత పొగ పెరిగి అక్కడ అవి మాయమయ్యాయి. గంధకపు పొగ తగ్గాక మళ్లీ వచ్చాయి.

మన వీధి చెట్లమీద లైకెన్లు లేనంతమాత్రాన పొగవల్లే అనలేం. ఎండ తీవ్రత కూడా కారణం కావచ్చు. కాని ఉన్నవి క్రమంగా తగ్గిపోతుంటే మాత్రం పట్టించుకోవాలి. ఆ గాలే కదండీ మన పిల్లలూ పీల్చేది!