అరువు కరెంటుతో పలికే కార్డు

హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో స్మార్ట్ కార్డును గేటు మీది పలకకు ఆనీ ఆననట్టు చూపగానే దారి తెరుచుకోవడం 2017 నవంబరు నుంచి నగరవాసులకు అలవాటైన దృశ్యమే గానీ, ఆ కార్డులో బ్యాటరీ అనేదే లేదని, అది గేటు దగ్గర కరెంటు అరువు తీసుకుని మరీ జవాబు చెబుతుందని చాలామందికి తెలియదు.

ఇలాంటి కార్డును చీకట్లో బలమైన టార్చిలైటుకు ఆనించి చూస్తే, ప్లాస్టిక్ పొరల మధ్య చుట్లు చుట్లుగా సాగిన సన్నని తీగ, దాని కొసలకు అతికిన చిన్న చిప్పు తరచుగా నీడలా కనిపిస్తాయి. గేటులోని రీడరు, అంటే కార్డును చదివే పరికరం, సెకనుకు 1 కోటి 35 లక్షల 60 వేల సార్లు ఊగే అయస్కాంత క్షేత్రాన్ని తన చుట్టూ పరుస్తుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రంలోని తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రం ప్రకారం, కార్డులోని తీగలో ప్రవాహం మొదలై చిప్పు మేలుకుంటుంది. అది జవాబిచ్చే తీరు మరీ ముచ్చటైనది. కార్డు సొంతంగా తరంగాలేవీ పంపకుండా, తాను లాక్కునే శక్తిని క్షణక్షణం హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటే, బావిలో చేద మునిగిన సంగతి తాడు పట్టుకున్న చేతికి తెలిసినట్టుగా, ఆ బరువులోని తేడా రీడరుకు తెలిసిపోతుంది.

టోల్‌గేట్ల వద్ద 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరైన ఫాస్టాగ్‌దీ ఇదే కుటుంబమైనా, అది రేడియో తరంగాలను అద్దంలా తిప్పికొట్టి పలుకుతుంది కనుక కొన్ని మీటర్ల దూరం నుంచే వాహనాన్ని గుర్తించవచ్చు. ఇలా తిప్పికొట్టిన శక్తితోనే సందేశం పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే ఒక పత్రంలో వివరించాడు.

మెట్రో కార్డులను, అదే తీరులో పనిచేసే బ్యాంకు కార్డులను మాత్రం కావాలనే కొద్ది సెంటీమీటర్లకు పరిమితం చేశారు. తీగచుట్ట వెడల్పును దాటాక దూరం రెట్టింపైతే క్షేత్రబలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి, దగ్గరికి చేర్చడమే మనిషి ఇచ్చే సమ్మతి అవుతుంది. అయితే దగ్గరితనం ఒక్కటే తాళం కాలేదు గనుక, బ్యాంకు కార్డులోని చిప్పు ప్రతి చెల్లింపుకూ కొత్త సంకేతాన్ని లెక్కగట్టి ఇస్తుంది. ఒకసారి దొంగిలించిన సంకేతం మరోసారి చెల్లదు. కార్డే పోగొట్టుకుంటే మాత్రం ఈ ఏర్పాటు ఆదుకోదు, అది దొరికినవారు చిన్న మొత్తాలను పిన్ లేకుండానే చెల్లించేయవచ్చు. పిన్ లేకుండా చెల్లించగల మొత్తాన్ని రిజర్వు బ్యాంకు 2021 జనవరి 1 నుంచి రూ.2,000 నుంచి రూ.5,000కు పెంచింది. అయితే ఈ సదుపాయాన్ని ఖాతాదారు తానే ఆపుకోవచ్చు, పరిమితిని తగ్గించుకోవచ్చు. పింఛను డబ్బుతో నెల గడుపుకునే వృద్ధులకు అన్నిటికంటే అవసరమైన ఆ సంగతి, కార్డుతో పాటు వచ్చే కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో ఉండవలసింది.