వంటింటి పరికరాలు – ఎన్నికలో వివేకం

మానవుడు నిప్పును వశపరచుకొన్న నాటి నుండి వంటశాల అతని తొలి ప్రయోగశాలగా ఉంటూ వచ్చింది. తెలుగువారి ఇంట రోలూ, రోకలీ, సన్నికల్లూ ఎటువంటివో, ఉర్దూ మాట్లాడేవారి ఇంట హావన్ దస్తా, సిల్ బట్టా అటువంటివి. పేర్లు వేరైనా వాటి వెనుక శ్రమించినవి మన తల్లుల, అక్కచెల్లెళ్ల చేతులే. ఆ శ్రమను తగ్గించే యంత్రాలు నేడు అంగడి నిండా ఉన్నాయి. వాటిలో ఏది అవసరం, ఏది ఆడంబరం అన్న విచక్షణ లేకపోతే కష్టార్జితం వృథా అవుతుంది. ఒక్కొక్కసారి ప్రాణానికే ముప్పు వస్తుంది. కనుక ముఖ్యమైన కొన్ని పరికరాలు పనిచేసే తీరును, వాటిని ఎన్నుకొనే పద్ధతిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ప్రెషర్ కుక్కర్

మూత లేని పాత్రలో నీరు సముద్రమట్టం వద్ద 100 డిగ్రీల సెల్సియస్‌కు మరుగుతుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న హైదరాబాదు నగరంలో గాలి ఒత్తిడి కొంత తక్కువ కనుక, సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. ఆ తరువాత మంట ఎంత పెంచినా నీటి వేడి పెరగదు; నీరు ఆవిరై పోవడం మాత్రమే జరుగుతుంది. కందిపప్పు, శనగలు, మాంసం ఉడకడానికి అంత సమయం పట్టడానికి కారణం ఇదే.

ఈ చిక్కును తొలిసారిగా విప్పినవాడు ఫ్రాన్సు దేశీయుడైన డెనిస్ పాపిన్. 1679లో ఆయన గట్టి మూత గల పాత్రలో ఆవిరిని బంధించి, ఎముకలను సైతం మెత్తబరచగల సాధనాన్ని నిర్మించాడు. ఒత్తిడి మితిమీరితే ఆవిరి బయటపడే రక్షణ కవాటాన్ని కూడా ఆయనే అమర్చాడు. నేటి కుక్కర్ సూత్రమూ అదే. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటె చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము వరకు పెరిగినప్పుడు నీరు సుమారు 120 డిగ్రీల వద్ద గాని మరగదు. ఆ వేడిలో పప్పు నిమిషాలలో ఉడికి, ఇంధనం ఎంతో ఆదా అవుతుంది. మన దేశంలో 1959 ప్రాంతంలో హాకిన్స్, ప్రెస్టీజ్ కుక్కర్ల తయారీ ఆరంభమైన తరువాత ఈ సాధనం మధ్యతరగతి ఇళ్లకు చేరింది.

కూత వచ్చిందంటే లోపలి ఒత్తిడి పరిమితిని చేరిందని అర్థం. అటుపై పెద్ద మంట వలన వేడి పెరగదు. ఆవిరి, గ్యాసు వృథా అవుతాయి. కనుక మొదటి కూత రాగానే మంట తగ్గించడం ఉత్తమం. కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. నురుగు పొంగే పప్పులైతే సగానికి మించరాదు. పొంగిన నురుగు ఆవిరి గొట్టంలో అడ్డుపడితే ఆవిరికి దారి మూసుకుపోతుంది. అందుచేత ప్రతిసారీ ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూచిన తరువాతనే మూత బిగించాలి. లోపలి ఆవిరి పూర్తిగా తగ్గకముందు మూతను బలవంతంగా తీయడం ప్రమాదకరం.

మూతపై ఉండే సేఫ్టీ వాల్వులో తక్కువ వేడికే కరిగే మిశ్రలోహం ఉంటుంది. నీరు ఇగిరిపోయి వేడి మితిమీరినప్పుడు అది కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. దాని స్థానంలో మామూలు మేకునో, చవక భాగాన్నో బిగించడమంటే ఇంటి కావలివాడిని చేజేతులా పంపివేయడమే. గాస్కెట్ గట్టిపడినా, పగిలినా వెంటనే మార్చాలి.

కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర చూడాలి. 1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ స్థానంలో 1987లో భారతీయ ప్రమాణాల బ్యూరో వచ్చినా, ముద్ర పేరు మారలేదు. ముద్రపైన కుక్కర్లకు చెందిన ఐఎస్ 2347 అన్న సంఖ్య, దాని కింద సీఎం/ఎల్ అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉండాలి. 2020 నాటి ప్రభుత్వ ఉత్తర్వు గృహోపయోగ కుక్కర్లకు ఈ ముద్రను తప్పనిసరి చేసింది. ముద్ర లేని కుక్కర్ ఎంత చవకైనా కొనదగినది కాదు.

మిక్సీ – వెట్ గ్రైండర్

ఈ రెండూ ఒకే పని చేస్తాయనుకోవడం పొరపాటు. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పదార్థాన్ని కోస్తుంది. ఆ వేగానికి వేడి పుడుతుంది. వెట్ గ్రైండర్‌లో రాళ్లు నెమ్మదిగా తిరిగి నలుపుతాయి. పిండి వేడెక్కక, గాలి చేర్చుకొని పొంగుతుంది. ఇడ్లీ మెత్తదనంలో కనబడే భేదం ఇదే. ఈ గ్రైండర్ల తయారీకి కోయంబత్తూరు ప్రసిద్ధి చెందింది. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

తరచుగా పిండి రుబ్బుకొనే పెద్ద కుటుంబానికి గ్రైండర్ తగినది. పచ్చళ్లు, మసాలాలు, అప్పుడప్పుడు కొద్ది పిండి మాత్రమే కావలసిన చిన్న కుటుంబానికి మిక్సీ చాలును. పిండి రుబ్బేటప్పుడు చల్లని నీరు పోస్తే వేడి తగ్గుతుంది. మిక్సీని విరామం లేకుండా నడిపితే మోటారు కాలిపోతుంది. ఎంతసేపు నడపాలో, ఎంతసేపు ఆపాలో దానితో వచ్చే పుస్తకంలో ఉంటుంది. కరెంటు ఖర్చుకు జంకనవసరం లేదు: 750 వాట్ల మిక్సీ 20 నిమిషాలు తిరిగితే పావు యూనిట్ అవుతుంది. అయితే మూడు పిన్నుల ప్లగ్గు, సరియైన ఎర్తింగు ఉండితీరాలి.

పాత్రలు, చిన్న సాధనాలు

నాన్‌స్టిక్ పాత్ర నూనెను ఆదా చేస్తుంది. కాని ఖాళీగా పెద్ద మంట మీద ఉంచితే వేడి 260 డిగ్రీలు దాటి పూత చెడిపోవడం ఆరంభిస్తుంది; కనుక చిన్న మంట, కొయ్య గరిటె వాడాలి. రొట్టెకు ఇనుప తవాయే మేలు. రాగి, ఇత్తడి దేక్చీలకు కళాయి పోయిందంటే పులుపు వస్తువులు వండరాదు. లోహం ఆహారంలోకి దిగుతుంది. ఇండక్షన్ పొయ్యి కొనదలచినవారు ముందుగా తమ గిన్నెల అడుగుకు అయస్కాంతం అంటుతుందో లేదో చూడాలి. అంటని గిన్నెలు దానిపై పనికిరావు.

యంత్రం చేయలేని పనులూ ఉన్నాయి. బిర్యానీకి కావలసినది దమ్. కుక్కర్ ఆవిరితో మెతుకు మెతుకు విడివడే పొందిక రావడం కష్టం. హలీంను డేగ్‌లో గంటల తరబడి ఘోట్నీతో మెదిపే పనికి చిన్న మిక్సీ సాటి రాదు. పాత సాధనాన్ని పారవేయడమే ప్రగతి కాదు.

ముగింపు

పరిమిత ఆదాయం గల గృహస్థు ఏ వరుసలో కొనాలి? ఏ పని ప్రతిదినం ఎక్కువ కాలాన్ని, ఎక్కువ శ్రమను హరిస్తున్నదో ఆ పనికి సాధనం ముందు కొనాలి. ఈ లెక్కన సామాన్యంగా కుక్కర్ మొదటిది, మిక్సీ రెండవది, తక్కినవి తరువాత. కొనే ముందు ఆ పని నిత్యం చేసేవారిని అడగడం మరింత ముఖ్యం. డబ్బు ఇచ్చేవారు ఒకరు, రుబ్బేవారు ఒకరు అయిన ఇళ్లలో అలంకారానికి పనికివచ్చే వస్తువులు ముందు వస్తాయి. రోలు మాత్రం కదలదు. తెల్లవారుజామున పిండి రుబ్బి, పప్పు ఉడికించి, ఆ పైన తరగతికి పరుగెత్తే విద్యార్థినికి మిగిలే ఒక గంట, ఆమె చదువుకు దొరికే ఒక గంట. పరికరం విలువను ఆ గంటతో తూచాలి.

కళాశాల కార్యవర్గం వారు సంవత్సరానికి ఒకనాడు గాస్కెట్ మార్చడం, సేఫ్టీ వాల్వును పరీక్షించడం, ఐఎస్ఐ ముద్రను గుర్తించడం, ఎర్తింగు ప్రాముఖ్యం మొదలైన విషయాలపై ప్రదర్శన ఏర్పాటు చేయించగలిగితే విద్యార్థినీ విద్యార్థులకు మేలు చేసినవారవుతారు. వంట స్త్రీల పని, యంత్రం పురుషుల పని అన్న భేదం లేకుండా ఇరువురూ అందులో పాల్గొనడం వాంఛనీయం. తరగతి గదిలో నేర్చిన భౌతికశాస్త్రం వంటింటి గడప దాటినప్పుడే విద్య సార్థకమవుతుంది.