ఆన్‌లైన్ దుకాణం తెరిచే ముందు ఏం నేర్చుకోవాలి?

ఒకప్పుడు ఉపాధి సహాయం కోరి వచ్చేవారు కుట్టుమిషను అడిగేవారు, తోపుడుబండి అడిగేవారు, ఆటో కొనడానికి ముందుగా కట్టవలసిన సొమ్ము అడిగేవారు. ఇప్పుడు వెబ్‌సైటు పెట్టుకుంటాం, సాయం చేయండి అని అడిగే యువకులు, మహిళలు కనిపిస్తున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. కర్నూలులో కుట్టిన కుర్తీని విశాఖపట్నంలో ఉన్నవారు ఇంటి నుంచే కొనుక్కునే వీలు ఈ రోజున నిజంగానే ఉంది. అయితే తోపుడుబండి కళ్ల ముందు ఉంటుంది. వ్యాపారం సాగకపోతే అమ్ముకున్నా సగం ధర వస్తుంది. సాగని వెబ్‌సైటును కొనేవారు ఉండరు. అందులో పెట్టింది జకాత్ సొమ్ము కావచ్చు, వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పు కావచ్చు, ఆ ఇంటి ఇల్లాలి చెవికమ్మలు కావచ్చు. కాబట్టి మొదలుపెట్టేవారు ఏం నేర్చుకోవాలో, సాయం చేసేవారు ఏం అడగాలో కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం.

మొదట ఒక అపోహ తొలగాలి. ఈ పని మొత్తంలో సులువైనది వెబ్‌సైటు తయారు చేయడమే. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు, దానికి దుకాణాన్ని జోడించే వూకామర్స్ రెండూ ఉచితంగానే దొరుకుతాయి. వాటిని ఉంచే సర్వరుకు మాత్రం అద్దె కట్టాలి. షాపిఫై లాంటి సంస్థలు నెల అద్దె మీద తయారుగా ఉన్న దుకాణాన్నే ఇస్తాయి. శ్రద్ధ ఉన్న ఇంటర్ విద్యార్థి కొన్ని వారాల్లో ఈ పని నేర్చుకోగలడు. కష్టమైనది మరొకటి ఉంది. ఒక్క పార్శిల్ కొన్నవారి ఇంటికి చేరేసరికి మన చేతిలో ఎంత మిగులుతుంది, అది వెనక్కి వస్తే ఎంత పోతుంది? ఈ లెక్క కాగితం మీద వేయగలిగే వరకు వెబ్‌సైటు జోలికి పోకూడదని నా అభిప్రాయం.

ఇంట్లో కుర్తీలు కుట్టి అమ్మే ఒక మహిళ ఉందనుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి. గుడ్డ, లైనింగ్, దారం, గుండీలు కలిపి 280 రూపాయలు. కుట్టుకూలి 150. తానే కుట్టుకున్నా కూలి రాయాల్సిందే, ఎందుకంటే ఆ సమయంలో పక్కింటివారి బట్టలు కుట్టినా ఆ డబ్బు వచ్చేది. కవరు, ట్యాగు 15. మొత్తం 445. అమ్మే ధర 799, డెలివరీ ఉచితం అని పెట్టింది. ఉచితం కొనేవారికే గానీ ఆమెకు కాదు; కొరియరు 80 ఆమే కట్టాలి. కార్డు ద్వారా సొమ్ము వస్తే పేమెంట్ గేట్‌వే సంస్థ 2 శాతం తీసుకుంటుందనుకుంటే 16 రూపాయలు, ఆ రుసుముపై 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు 19. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు అయ్యే ఖర్చును ఒక్కో ఆర్డరుకు పంచితే 100 అనుకుందాం. అన్నీ పోగా 155 మిగులుతుంది. ఇక్కడివరకు చాలామంది లెక్క వేస్తారు. నెలకు వంద కుర్తీలు, పదిహేను వేల పైచిలుకు లాభం అని సంతోషిస్తారు.

పార్శిళ్లు తిరిగి వస్తాయన్న సంగతి ఆ లెక్కలో లేదు. కొలత సరిపోలేదు, రంగు ఫొటోలో వేరుగా ఉంది, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి తలుపు తీయలేదు. ఇలా తిరిగొచ్చిన ప్రతి పార్శిల్‌కు పోను 80, రాను 80, ప్రకటన 100, కవరు 15, మొత్తం 275 రూపాయలు పోయినట్టే. కుర్తీ మాయకుండా, నలగకుండా వస్తేనే ఈ లెక్క. పదింటిలో రెండు తిరిగివస్తే ఎనిమిదింటి మీద వచ్చిన 1,240లో 550 పోయి 690 మిగులుతుంది. మూడు వస్తే 260 మాత్రమే. నాలుగు వస్తే ఎదురు 170 నష్టం. అమ్మకం బాగానే ఉంది, డబ్బు మాత్రం కనబడడం లేదు అని చెప్పేవారి చిక్కు చాలాసార్లు ఇదే. సర్వరు అద్దె, వెబ్‌సైటు పేరుకు ఏటా కట్టే రుసుము ఇంకా ఇందులో కలపలేదు.

కాబట్టి పార్శిల్ తిరిగిరాకుండా చూసుకోవడమే ఈ వ్యాపారంలో నేర్చుకోవలసిన అసలు విద్య. ఎం, ఎల్, ఎక్స్ఎల్ అని రాసి వదిలేస్తే చాలదు. ఛాతీ, నడుము, చేతి పొడవు, మొత్తం పొడవు అంగుళాల్లో ఇవ్వాలి. అవి కుట్టిన బట్ట కొలతలా, మనిషి ఒంటి కొలతలా అన్నది కూడా రాయాలి. గుడ్డ కాటనా, రేయానా, ఉతికితే కుంచించుకుపోతుందా అన్నది దాచకూడదు. ఫొటో పొద్దుటి వెలుగులో కిటికీ పక్కన తీస్తే రంగు దాదాపు ఉన్నదున్నట్టు వస్తుంది. ట్యూబ్‌లైటు కింద తీస్తే మారిపోతుంది. ఫోన్లో తీసిన పెద్ద ఫొటోలను అలాగే పెడితే పేజీ తెరుచుకునేసరికి కొనేవారు వెళ్లిపోతారు, సైజు తగ్గించి పెట్టడం నేర్చుకోవాలి. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరు వచ్చినప్పుడు పంపేముందు ఒక్క ఫోను చేసి అడ్రసు, కొలత అడిగితే, నిజంగా కొనేవారెవరో ముందే తెలిసిపోతుంది. పండుగ సంగతి మరీ జాగ్రత్త. రంజాన్ నెల చివరి పది రోజుల్లో ఆర్డర్లు ముంచుకొస్తాయి, కొరియర్లకూ రద్దీ ఉంటుంది. ఈద్ మరునాడు చేరిన పండుగ బట్ట తిరిగొస్తుంది. ఫలానా తేదీ దాటితే పండుగలోపు చేరదు అని ముందుగానే ప్రకటించి, ఆ మాట మీద నిలబడినవారికే మరుసటి ఏడాది ఆర్డర్లు మిగులుతాయి.

కొరియరు తూకంలో ఇంకో మెలిక ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే ఛార్జీ. చార్మినార్ పక్కన లాడ్ బజార్ లక్క గాజులను విరగకుండా 30, 25, 10 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే, లోపల అరకిలోనే ఉన్నా కిలోన్నర కింద లెక్క కడతారు. తగిన పెట్టె ఎంచుకోవడం కూడా లాభమే.

ఇవన్నీ నేర్చుకోవడానికి వెబ్‌సైటు అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ ఉచితం, అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు. బంధువులు, వీధివారు కాక ముక్కూ మొహం తెలియనివారికి యాభై పార్శిళ్లు ఇలా పంపి, ప్రతిదాని ఖర్చూ రాసుకున్నవారికి వెబ్‌సైటు అవసరమా కాదా వాళ్ల నోటు పుస్తకమే చెబుతుంది. చుట్టాలు కొన్నవి లెక్కలోకి రావు. వారు కొలత సరిపోకపోయినా మొహమాటానికి ఉంచుకుంటారు.

వెబ్‌సైటు పెట్టుకోవలసిన రోజు వచ్చినప్పుడు, తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయన్నది పెద్ద ప్రశ్న. వెబ్‌సైటు పేరును, అంటే డొమైన్‌ను, ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు. ఏటా, లేదా కొన్నేళ్లకోసారి, రుసుము కట్టి నిలుపుకోవాలి. మొదటి ఏడాది తక్కువ ధర చూపించి రెండో ఏడాది నుంచి ఎక్కువ అడగడం మామూలే, కాబట్టి రెన్యువల్ ధర ముందే చూసుకోవాలి. తయారు చేసే కుర్రవాడు తన ఈమెయిలుతో, తన పేరున డొమైన్ రిజిస్టరు చేస్తే, అతను ఊరు మారినా, ఫోను తీయకపోయినా దుకాణం పేరు మన చేతిలో ఉండదు. బోర్డు మనది, దుకాణం అద్దె ఒప్పందం మేస్త్రీ పేరున అన్నట్టు అవుతుంది. డొమైన్, సర్వరు, పేమెంట్ గేట్‌వే మూడూ వ్యాపారం చేసేవారి ఈమెయిలుతో, వారి ఫోను నంబరుతోనే ఉండాలి. బ్యాంకు ఖాతా, పాన్ కూడా వారివే. తాళం గుర్తు చూపించే భద్రతా సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ద్వారా ఉచితంగా దొరుకుతుంది. దీనికి ఏటా వేలు అడిగితే ఎందుకో అడగాలి.

చట్టం విషయంలో భయం వద్దు, అజాగ్రత్తా వద్దు. సొంత రాష్ట్రంలోనే, సొంత వెబ్‌సైటులో సరుకు అమ్మితే ఏడాది టర్నోవరు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటే వరకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే మాత్రం మొదటి పార్శిల్ నుంచే కావాలి. నిర్దేశించిన కొన్ని చేనేత, హస్తకళా వస్తువులకు మాత్రమే సడలింపు ఉంది. విజయవాడ నుంచి హైదరాబాద్ కూడా ఇప్పుడు వేరే రాష్ట్రమే అన్నది మనవాళ్లు తరచు మరిచిపోతారు. పైన వేసిన లెక్క రిజిస్ట్రేషన్ లేనివారిది. ఉన్నవారికి 799లో 5 శాతం చొప్పున దాదాపు 38 రూపాయలు పన్నే; గుడ్డ మీద కట్టిన పన్ను అందులోంచి తీసుకోవచ్చుగానీ 155 అలాగే నిలవదు. పచ్చళ్లు, ఖుబానీ కా మీఠా లాంటి తినేవి అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. ఉద్యమ్ నమోదుకు, జీఎస్టీ నమోదుకు ప్రభుత్వం ఏ రుసుమూ తీసుకోదు. ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లలో డబ్బు కట్టకుండా ఇంట్లోవారిని హెచ్చరించండి.

మోసాలు కొత్తవారి మీదే ఎక్కువగా గురిపెడతాయి. మిలటరీ అధికారినంటూ ఫోన్ చేసి, ఒక్కసారే యాభై డ్రెస్సులు కావాలని, డబ్బు పంపడానికి ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని అడుగుతారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు. పిన్ కొడితే పోయేదే. పోయిన వెంటనే 1930కు ఫోన్ చేస్తే సొమ్ము మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. ఇంట్లో కూర్చుని నెలకు లక్ష అంటూ ఖరీదైన కోర్సులు అమ్మేవారు కూడా ఉన్నారు. వారి అసలు వ్యాపారం ఆ కోర్సులే.

ఇక దాతల వైపు. ఒకేసారి ముప్పై, నలభై వేలు వెబ్‌సైటు తయారీదారు చేతిలో పెట్టడం కంటే, మొదట గుడ్డ, కవర్లు, చిన్న డిజిటల్ తూకం, యాభై పార్శిళ్ల కొరియరు ఖర్చు ఇవ్వడం మేలు. మూడు నెలల తర్వాత ఆ నోటు పుస్తకం తెప్పించి చూడాలి. తేదీ, ఊరు, సరుకు ఖర్చు, కొరియరు, వచ్చిన సొమ్ము, తిరిగి వచ్చిందా, ఎందుకు వచ్చింది అని ఏడు గడులు చాలు. తిరిగివచ్చినవి పదికి రెండు లోపు ఉండి, పాత కొనుగోలుదారులు మళ్లీ అడుగుతూ ఉంటే రెండో విడతగా డొమైన్‌కు, ఏడాది సర్వరు అద్దెకు ఇవ్వవచ్చు. అడిగేవారికి కంప్యూటరు రాకపోయినా ఫరవాలేదు, ఆ ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయికో అబ్బాయికో నేర్పించవచ్చు. మన సభ్యుల్లో జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్లు, సాఫ్ట్‌వేరు ఉద్యోగులు ఉన్నారు. చెక్కు రాయడంతో పాటు నెలకో ఆదివారం రెండు గంటలు ఆ నోటు పుస్తకాల దగ్గర కూర్చోగలిగినవారు తమ పేర్లు సొసైటీ కార్యాలయంలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.