రసవాది నవల: స్వప్నకథాబీజము – దాని పరిణామము

బ్రెజిల్ దేశీయుడగు పౌలో కోయెల్హో పోర్చుగీసు భాషలో రచించిన “రసవాది” నవల 1988లో ప్రకటింపబడినది. 1993లో ఆంగ్లానువాదము వెలువడిన పిమ్మట దీని ప్రచారము లోకమెల్ల వ్యాపించెను. తెలుగులో నిది “పరుసవేది” యను పేర వెలువడినది. మనఃపూర్వకముగా కోరినచో విశ్వమే తోడుపడునని యీ గ్రంథమున పలుమారు చెప్పబడినది. ఈ యుపదేశము కథయందు నిర్వహింపబడినదా యను ప్రశ్నమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ఇతివృత్తము సరళమైనది. ఆండలూసియా ప్రాంతమున గొఱ్ఱెలు కాచుకొను సాంటియాగో పాడుపడిన చర్చిలో నిద్రించుచు, ఈజిప్టు పిరమిడ్ల చెంత నిధి యున్నట్లు రెండుమారులు కల గనును. మెల్కిసెదెకు అను వృద్ధరాజు ప్రేరణముచే మందను అమ్మి, సముద్రము దాటి టాంజియరు చేరును. అచ్చట ధనమెల్ల దొంగ పాలుకాగా, ఒక గాజుసామానుల వర్తకుని కొలువున దాదాపు ఒక సంవత్సరము పనిచేసి, బిడారుతో ఎడారి దాటును. ఫయూం ఒయాసిస్సున రసవాదిని కలిసికొనును. తుదకు పిరమిడ్ల చెంత అతనిని కొట్టిన దొంగలలో నాయకుడు, తనకును ఒక కల వచ్చినదనియు, స్పెయినులోని పాడుచర్చిలో నిధి యున్నట్లు కంటిననియు, అందులకై ఎడారి దాటునంతటి మూర్ఖుడను కాననియు పరిహసించును. సాంటియాగో మరలి వచ్చి, తాను నిద్రించిన చోటనే నిధిని త్రవ్వి తీయును.

ఈ కథాబీజము ప్రాచీనము. జానపద కథల అంతర్జాతీయ సూచికలో దీని సంఖ్య 1645. వేయిన్నొక్క రాత్రులలోను, పదుమూడవ శతాబ్దికి చెందిన రూమీ మస్నవీలోను బాగ్దాదు వాడు ఈజిప్టుకు పోయి, అచ్చటి రక్షకభటుని కలవలన తన యింటి నిధిని తెలిసికొనును. యూదుల హసీదు సంప్రదాయమున క్రాకో నగరవాసి ప్రాగ్ వంతెన కడ ఇట్లే తెలిసికొనును. అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1935 నాటి గ్రంథమున ఈ కథను చేర్చెను.

ఇచ్చట ఒక భేదము గమనింపదగినది. పై ప్రాచీన రూపములన్నింటను నిధి కలగన్నవాని సొంత యింటనే యున్నది. భటుడు తన కలను నమ్మి వెడలినను అది పరుల యింటి సొత్తే యగును. కోయెల్హో ఆ యింటిని పాడుపడిన చర్చిగా మార్చెను. అది ఎవరి సొత్తును గాదు; ముందు చేరినవానిదే నిధి. కావున దొంగల నాయకుడు తన కలను అనుసరించి యుండినచో నిధి అతనికే దక్కి, సాంటియాగోకు గుంట మాత్రమే మిగిలెడిది. ఒకని స్వప్నసిద్ధి వేరొకని స్వప్నత్యాగముపై ఆధారపడినది. ప్రతివాడును తన కలను వెంబడింపవలెనను విధి ఈ కథలోనే చెల్లకున్నది.

గాజు వర్తకుని పాత్రయు నిట్టిదే. అతడు మక్కాయాత్రను కోరుచున్నను, అది నెరవేరినచో బ్రతుకున ఆశ యేదియు మిగులదని భయపడి కదలడు. నవల అతనిని జాలిగొలుపు వానిగా చూపును. అయినను సాంటియాగోకు అన్నము పెట్టినది, మార్గవ్యయము సమకూర్చినది ఆ కదలని వాని యంగడియే. విశ్వసహాయమని నవల పేర్కొనుదానిలో పెద్దపాలు ఇట్టి నిలిచినవారి శ్రమయే యని మా యభిప్రాయము.

ఇందువలన నవల వ్యర్థమని చెప్పరాదు. ప్రాచీన కథలలో ప్రయాణము రెండు మూడు వాక్యముల మాత్రము. కోయెల్హో దానినే గ్రంథముగా పెంచెను. అరబ్బీ భాష, వ్యాపారజ్ఞానము, ఎడారి పరిచయము, ఫాతిమాపై ప్రేమ – ఇవి సాంటియాగో గడించినవి. నిధి ఒక్కనికే దక్కును. ఈ గడనకు మాత్రము పోటీదారు లేడు. దొంగల నాయకుడు బయలుదేరి యుండినను ఇవి సాంటియాగోకు తరిగెడివి కావు. కావున నవలలోని వాచ్యోపదేశమును నిధితో ముడిపెట్టక, మార్గముతో ముడిపెట్టి బోధించుటయే యుక్తము. అట్లు చదివినపుడే దీని నిర్వహణము బీజమునకు తగినదిగా తోచును.