గీటురాయిపై రెండవ గీత

కంసాలి నగ నాణ్యం తేల్చవలసి వచ్చినప్పుడు గీటురాయిపై ఆ నగతో ఒక గీత గీస్తాడు. దాని ప్రక్కనే, నాణ్యం ముందే తెలిసిన మచ్చు బంగారంతో మరొక గీత గీస్తాడు. రెండింటినీ పోల్చి చూసిన తరువాతనే మాట చెబుతాడు. విజ్ఞానశాస్త్రంలో ఇటువంటి రెండవ గీతకు పునఃప్రయోగమని పేరు. ఒకరు ప్రకటించిన ఫలితాన్ని వేరొకరు, వేరొక చోట తిరిగి రాబట్టగలిగినప్పుడే దానికి శాస్త్రంలో స్థానం స్థిరపడుతుంది. 1989 మార్చిలో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం నుండి వెలువడిన ‘శీతల సంలీనం’ ప్రకటన లోకాన్ని ఊపివేసింది. ఇతర ప్రయోగశాలలు ఆ ఫలితాన్ని రాబట్టలేకపోవడంతో కొద్ది నెలలలోనే ఆ సంచలనం చల్లబడింది.

భౌతిక, రసాయన శాస్త్రాలలో పాతుకుపోయిన ఈ ఆచారం సాఫ్టువేరు ఇంజనీరింగులో ఎంతవరకు వేళ్ళూనింది? ఈ శాస్త్రం పేరు 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో ఏర్పాటు చేసిన సదస్సుతో ప్రచారంలోకి వచ్చింది. ప్రోగ్రాములను తక్కువ దోషాలతో, తక్కువ ఖర్చుతో, అనుకున్న గడువులో నిర్మించడమెట్లా అన్నది దాని ప్రధాన సమస్య. బ్యాంకు ఖాతా మొదలు విమానయానం వరకు సమస్తమూ ప్రోగ్రాముల మీద నడుస్తున్న కాలంలో ఇది పండితులకు మాత్రమే సంబంధించిన చర్చ కాదు. అయినప్పటికీ 1994 నుండి 2010 వరకు ఈ రంగంలో జరిగిన పునఃప్రయోగాలను లెక్కించడానికి 16,000కు పైగా వ్యాసాలను జల్లెడ పట్టిన ఒక సర్వేకు, పునఃప్రయోగాలను వివరించే వ్యాసాలు 96 మాత్రమే దొరికాయి. వాటిలో కనిపించిన పునఃప్రయోగాలు 133. వాటికి మూలమైన అధ్యయనాలు 72. పైగా ఆ పునఃప్రయోగాలలో అధికభాగం మొదటి ప్రయోగం చేసినవారే తిరిగి చేసుకొన్నవి. తన నగకు తానే గీత గీసి చూసుకోవడం తప్పు కాదు గాని, అంతమాత్రం చేత కొనేవానికి నమ్మకం కుదరదు.

ముగ్గురూ ఒకే చోట తడబడితే

పరీక్షకు నిలిపి చూడడం వల్ల కలిగే మేలుకు 1986 నాటి ఒక ప్రయోగం చక్కని నిదర్శనం. యంత్రాల విషయంలో ఇంజనీర్లు చిరకాలంగా ఒక ఉపాయాన్ని పాటిస్తున్నారు. ఒక భాగం చెడితే మరొకటి ఆదుకొనేలా రెండు మూడు భాగాలను అమరుస్తారు. ప్రోగ్రాములకు ఈ ఉపాయం నేరుగా పనికిరాదు. ఒకే ప్రోగ్రాముకు మూడు ప్రతులు తీస్తే, ఒకదానిలోని తప్పు మూడింటిలోనూ ఉంటుంది. అందుచేత ఒకే పనికి వేరువేరు బృందాల చేత, పరస్పరం సంప్రదించుకోకుండా, వేరువేరు ప్రోగ్రాములు వ్రాయించి, వాటిలో ఎక్కువ ప్రోగ్రాములు ఇచ్చిన జవాబునే స్వీకరించాలన్న పద్ధతిని లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన అల్గిర్దాస్ అవిజియెనిస్ 1970ల చివరి భాగంలో ప్రతిపాదించారు.

ఈ పద్ధతి ఆకర్షణ అంతా దాని లెక్కలో ఉంది. ఒక్కొక్క ప్రోగ్రాము వెయ్యిసార్లకు ఒకసారి తప్పు జవాబు ఇస్తుందనుకొందాం. ఒకదాని తప్పుకు మరొకదాని తప్పుతో సంబంధం లేకపోతే, మూడింటిలో రెండు ఒకేసారి తప్పడం పది లక్షలకు సుమారు 3 సార్లు మాత్రమే జరగాలి. అయితే ఈ లెక్క నిలిచేదీ, కూలేదీ ‘సంబంధం లేకపోతే’ అన్న ఒక్క షరతు మీదనే.

వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ నైట్, ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన నాన్సీ లెవిసన్ ఆ షరతును పరీక్షకు పెట్టారు. క్షిపణి నిరోధక వ్యవస్థకు సంబంధించిన ఒక సమస్యను ఇచ్చి, రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థుల చేత విడివిడిగా 27 ప్రోగ్రాములు వ్రాయించారు. ఒక్కొక్క ప్రోగ్రామును పది లక్షల పరీక్షలకు గురిచేశారు. విడివిడిగా చూస్తే ప్రోగ్రాములు మేలైనవే. 6 ప్రోగ్రాములు ఒక్క తప్పు కూడా చేయలేదు. తక్కినవన్నీ నూటికి 99 కంటే ఎక్కువ పరీక్షలలో నెగ్గాయి. కాని ఒకటి కంటే ఎక్కువ ప్రోగ్రాములు ఒకేసారి విఫలమైన సందర్భాలు 1,255 తేలాయి. తప్పులు పరస్పర సంబంధం లేనివైతే రావలసిన సంఖ్య కంటే ఇది అనేక రెట్లు అధికం.

కారణం ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదు. పరీక్షలో దూరదూరంగా కూర్చున్న విద్యార్థులు కూడా కఠినమైన లెక్క దగ్గరే తప్పులో కాలు వేస్తారు. అందుకు ఒకరి కాగితం ఒకరు చూడనక్కరలేదు. ఈ ప్రయోగంలో కోణాలను పోల్చవలసిన చోట కొందరు వాటి కొసైన్లను పోల్చారు. కాగితం మీద రెండు పద్ధతులకూ ఒకే జవాబు వస్తుంది. సంఖ్యలను పరిమితమైన అంకెలతో మాత్రమే నిలుపుకొనే కంప్యూటరులో, అతి చిన్న కోణాల వద్ద ఆ సమానత్వం చెదిరిపోతుంది.

ఈ ఫలితం పెద్ద వివాదాన్ని రేపింది. విమర్శలకు నైట్, లెవిసన్ 1990లో సమాధానం ప్రచురించారు. వాదం కంటే బలమైన జవాబు 1991లో వచ్చింది. నాసా సహకారంతో 4 విశ్వవిద్యాలయాలలో, వేరొక సమస్యపై 20 ప్రోగ్రాములు వ్రాయించిన మరొక బృందానికి కూడా ఉమ్మడి వైఫల్యాలే ఎదురయ్యాయి. భిన్నమైన ప్రోగ్రాములను జతచేయడం నిష్ప్రయోజనమని ఈ అధ్యయనాలు చెప్పలేదు. దాని వల్ల కలిగే రక్షణను పై గుణకారంతో లెక్కగట్టరాదని చెప్పాయి. విమాన నియంత్రణలో పదిలక్షలకు మూడని నమ్మడానికీ, అంతకు అనేక రెట్లు ఉండవచ్చునని తెలిసి జాగ్రత్తపడడానికీ మధ్య గల అంతరం ప్రయాణికుల ప్రాణాలతో ముడిపడినది.

భాషల పోటీలో లెక్క తప్పిన చోట

రెండవ ఉదాహరణ ఇటీవలిది. ఏ ప్రోగ్రామింగు భాషలో వ్రాస్తే దోషాలు తగ్గుతాయన్నది ప్రోగ్రామర్ల మధ్య ఎడతెగని తగవు. 2014లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం గిట్‌హబ్ భాండాగారంలోని 729 ప్రాజెక్టులను, 17 భాషలను, దాదాపు 8 కోట్ల పంక్తుల ప్రోగ్రామును పరిశీలించి, భాషకూ దోషాలకూ సంబంధం ఉన్నదని ప్రకటించింది. ఆ ప్రభావం స్వల్పమేనని రచయితలు హెచ్చరించినా, తమకు నచ్చిన భాషను సమర్థించుకోవడానికి ఆ వ్యాసాన్ని ఉదాహరించినవారు కొల్లలు.

ఎమరీ బెర్గర్, యాన్ వీటెక్ మొదలైనవారు అవే దత్తాంశాలను తిరిగి పరిశీలించి 2019లో తమ ఫలితాలు ప్రచురించారు. టైప్‌స్క్రిప్టు భాష లోకానికి పరిచయమైనది 2012 అక్టోబరులో. దత్తాంశాలలో మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నాటి ‘టైప్‌స్క్రిప్టు’ మార్పులు కనిపించాయి! విచారించగా, అవి అసలు ప్రోగ్రాములే కావు. వేరొక పనిముట్టు వాడే అనువాద పట్టికల ఫైళ్ళ పేర్లు కూడా అదే తోకతో ముగియడం వల్ల వాటిని ఆ భాష ఖాతాలో జమకట్టారు. ప్రధానంగా సి ప్లస్ ప్లస్ భాషలో వ్రాసిన గూగుల్ వారి ‘వి8’ ప్రాజెక్టు జావాస్క్రిప్టు ఖాతాలో చేరింది. దోషాల సవరణలుగా గుర్తించిన మార్పులలో కొన్నింటిని మనుషుల చేత చదివించి చూడగా, మూడింట ఒక వంతుకు పైగా సవరణలు కావని తేలింది. వీటన్నిటినీ సరిదిద్దిన తరువాత, దోషాలతో సంబంధం ఉన్నదన్న 11 భాషలలో 4 మాత్రమే మిగిలాయి. వాటి విషయంలోనూ ప్రభావం అత్యల్పం. మూల రచయితలు దీనిని అంగీకరించక అదే ఏడు తమ ప్రతివాదాన్ని వెలువరించారు.

ఈ వివాదంలో గమనించవలసినది మరొకటి ఉన్నది. మొదటి బృందం తమ దత్తాంశాలను, గణన విధానాన్ని రెండవ బృందానికి అందజేయకపోతే ఈ పరిశీలన సాధ్యమయ్యేది కాదు. చిట్టాపద్దులు చూపించినవారి లెక్కలోనే తప్పులు దొరుకుతాయి. దాచినవారి లెక్క ఎప్పుడూ సరిగానే కనిపిస్తుంది.

సొరుగులో మిగిలిపోయినవి

పునఃప్రయోగానికి తోబుట్టువు ప్రతికూల ఫలితం. ఆశించిన మేలు కనబడలేదని తేలడమే అది. ఇటువంటి ఫలితాలు అచ్చుకు నోచుకోక సొరుగులలో ఉండిపోవడాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ రోసెంతాల్ 1979లో ‘ఫైళ్ళ సొరుగు సమస్య’ అన్నారు. దీని ప్రమాదాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఏ ప్రయోజనమూ లేని ఒక పద్ధతిని 20 బృందాలు విడివిడిగా పరీక్షించాయనుకొందాం. నూటికి 5 వంతుల పొరపాటును సహించే వాడుక ప్రమాణం ప్రకారం, వాటిలో ఒక బృందానికి యాదృచ్ఛికంగా ‘మేలు’ కనబడే అవకాశం ఉంటుంది. అచ్చయ్యేది ఆ ఒక్కటే. తక్కిన 19 ఫలితాలు చూడని పాఠకుడు ఆ పద్ధతిని రుజువైనదిగా భావిస్తాడు.

‘కాదు’ అన్న జవాబు కొత్త జ్ఞానాన్ని కూడా ఇవ్వగలదు. ప్రోగ్రాము కంటే ముందు దానికి కావలసిన పరీక్షను వ్రాయాలన్న పద్ధతికి మంచి పేరున్నది. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం 39 మంది వృత్తినిపుణుల పనితీరును నిశితంగా పరిశీలించి, పరీక్ష ముందా వెనుకా అన్న వరుసకూ నాణ్యతకూ చెప్పుకోదగిన సంబంధం కనబడలేదని తేల్చింది. పనిని చిన్న చిన్న, సమమైన అడుగులుగా విభజించుకోవడంతో మాత్రం సంబంధం కనిపించింది. పదిమందితో చేసిన ప్రయోగంలో తేడా కనబడకపోతే తేడా లేనట్లు కాదు. తక్కెడకు అంత సూక్ష్మత లేకపోయి ఉండవచ్చు. కనుక ప్రతికూల ఫలితానికి కూడా తగినంత బలమైన ప్రయోగమూ, తిరిగి పరీక్షించడమూ అవసరమే.

పరిస్థితి క్రమంగా మారుతున్నది. పునఃప్రయోగాలకు, ప్రతికూల ఫలితాలకు కొన్ని సదస్సులు ప్రత్యేక విభాగాలు ఏర్పరచాయి. ప్రయోగానికి ముందే దాని ప్రణాళికను పరిశీలించి, ఫలితం ఎటు తేలినా ప్రచురణకు దారి చూపే పద్ధతిని 2020లో ఎం.ఎస్.ఆర్. సదస్సు ప్రవేశపెట్టింది.

విదేశాలలో సాఫ్టువేరును జీవనాధారంగా చేసుకొన్న తెలుగువారెందరో ఉన్నారు. ఏ భాష వాడాలి, ఏ పద్ధతి అనుసరించాలి అన్న నిర్ణయాలు వారి కార్యాలయాలలో నిత్యమూ జరుగుతుంటాయి. ‘పరిశోధనలో రుజువైంది’ అన్న మాట అక్కడ వినవచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేయడం ఉచితం: దీనిని తిరిగి పరీక్షించిన వారెవరు? వారికి ఏమి కనిపించింది? సమాధానం దొరకకపోతే ఆ మాటను త్రోసిపుచ్చనక్కరలేదు. రెండవ గీత ఇంకా పడలేదని గుర్తుంచుకొని, దాని మీద పెట్టే సొమ్మునూ, నమ్మకాన్నీ ఆ మేరకు తగ్గించుకొంటే చాలు.