సెలవు చీటీ

నేను ముప్ఫయి మూడేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. ఆ ముప్ఫయి మూడేళ్ళలో నా చేతికి వచ్చిన సెలవు చీటీలన్నీ దాచి ఉంటే, మా దాచేపల్లి నాగులేటికి అడ్డంగా ఒక చిన్న కట్ట వెయ్యొచ్చు. అన్నిట్లోనూ ఒకటే పాఠం: "నాకు జ్వరముగా ఉన్నందున బడికి రాలేకపోవుచున్నాను. కావున దయతో ఒక్క దినము సెలవు ఇప్పించ ప్రార్థన." సాయంత్రం చూస్తే ఆ జ్వరం మనిషి ఏటి ఇసుకలో కబాడీ ఆడుతూ ఉండేవాడు. "ఏరా, జ్వరం తగ్గిందా?" అంటే, "ఇప్పుడే తగ్గింది మాస్టారూ!" అనేవాడు, కూత మానకుండానే.

ఆ రోజుల్లో జ్వరం లేని పిల్లలు సెలవు చీటీ రాసేవాళ్ళు. ఈ రోజుల్లో జ్వరం ఉన్న పిల్లలు చీటీ రాయకుండా బడికి వస్తున్నారు. ఈ తిరకాసు ఎట్లా వచ్చిందో, అందులో నా వంతు పాపం ఎంతో చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ.

పాపం అని ఊరికే అనలేదు. ఏడాది పొడుగునా ఒక్క రోజూ బడి మానని పిల్లకో పిల్లవాడికో వార్షికోత్సవం నాడు ఒక స్టీలు టిఫిను డబ్బా బహుమతి ఇచ్చే ఆచారం నేను మొదలుపెట్టాను. రిటైరయ్యాక కూడా పింఛను డబ్బులోంచి ఆ డబ్బా కొని ఇస్తూనే వచ్చాను. హాజరుపట్టీలో వరసగా నిండు గళ్ళు చూస్తే పంతులికి కలిగే ఆనందం మరొకరికి అర్థం కాదు లెండి.

2023 ఆగస్టులో జరిగింది ఇది. అప్పుడే ఆంధ్రలోనూ తెలంగాణలోనూ కళ్ళకలక బళ్ళన్నీ చుట్టబెడుతున్నది. అది కాస్త సద్దుమణిగిందో లేదో, దగ్గులూ జ్వరాలూ బయల్దేరాయి. మా మనవరాలు అప్పుడు నాలుగో తరగతి. ఒక ఆదివారం రాత్రి ఒళ్ళు కాలింది. థర్మామీటరు పెడితే 101. తెల్లవారి మా కోడలు పారాసెటమాల్ మందు పోసి, గంట తరువాత నుదురు తాకి చూసి, "తగ్గింది మామయ్యగారూ, పంపమంటారా?" అని అడిగింది. పిల్ల అప్పటికే జడలు వేయించుకుని కూర్చుంది. "తాతయ్యా, నేను మానితే డబ్బా రాదుగా!" అన్నది. ఆ మాటకు నేను మురిసిపోయాను. "నా మనవరాలివి అనిపించుకున్నావు, పోయిరా" అన్నాను.

జ్వరం మందు జ్వరాన్ని నాలుగైదు గంటలు అణిచిపెడుతుంది తప్ప, రోగాన్ని ఇల్లు దాటించదు. సరిగ్గా మధ్యాహ్న భోజనం వేళకు మా పిల్ల కంచం ముందు తూలింది. టీచరమ్మ ఫోను చేస్తే పరుగెత్తి తీసుకొచ్చాం. మూడు రోజుల్లో తేరుకుంది. కథ అక్కడితో అయిపోతే ఇది రాయవలసిన పనే లేదు.

మా పిల్ల పక్కన కూర్చునే పిల్ల మా వీధిలో పిల్లే. దాని తల్లి పత్తి చేలో కలుపు తీతకు పోతుంది. గురువారానికి ఆ పిల్లకు జ్వరం. అయినా శుక్రవారం బడికి వచ్చింది, శనివారం వచ్చింది. మరుసటి వారం ఆ పిల్ల నాయనమ్మకు పట్టుకుంది. ఆమెకు ఏనాటినుంచో ఉబ్బసం. ఒక రాత్రి ఊపిరాడక నరసరావుపేట తీసుకుపోయారు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ పదకొండు రోజులూ కొడుకు పని పోయింది, కోడలి కూలి పోయింది, మనవరాలి బడి కూడా పోయింది.

మా పిల్లనుంచే అంటుకుందని నేను రుజువు చెయ్యలేను. కాదని కూడా చెప్పలేను. అది కోవిడో, ఫ్లూనో, మరేదో కూడా ఎవరికీ తెలియదు. ఎవరూ పరీక్ష చెయ్యలేదు.

ఇక్కడే ఒక సంగతి తోచింది. పరీక్ష ఉన్న రోజుల్లో ఈ గొడవ లేదు. 2020 మార్చిలో బళ్ళు మూశారు. కృష్ణ మీద పొందుగల దగ్గర రాకపోకలు కూడా ఆగిపోయిన రోజులవి. ఆ ఏడు నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బళ్ళు తెరిస్తే, మూడు రోజుల్లోనే రాష్ట్రంలో 262 మంది విద్యార్థులకూ, సుమారు 160 మంది ఉపాధ్యాయులకూ కోవిడ్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. తేలినవాళ్ళు ఇంట్లో ఉన్నారు. మొదట్లో ఇంకా ఎక్కువ రోజులు ఉండమన్నారు. 2022 జనవరి 5 తరువాత ఏడు రోజులు చాలునన్నారు, చివరి మూడు రోజులూ జ్వరం లేకుండా ఉంటే. ముక్కులో పుల్ల పెట్టడం, కాగితం రావడం, కాగితం చెప్పినట్టు నడుచుకోవడం. పంపాలా వద్దా అని తల్లి ఆలోచించే పని లేదు, పంతులు మొహమాటపడే పని లేదు.

తరువాత ఆ కాగితం మెల్లిగా మాయమైంది. ఇంగ్లండులో 2022 ఏప్రిల్ 1న అందరికీ ఉచితంగా చేసే పరీక్షలు ఆపేశారు. మన దగ్గర ఫలానా తారీఖునుంచి లేదని చాటింపు వేసినట్టు లేదు. అడిగేవాళ్ళు తగ్గారు, చేసేవాళ్ళు తగ్గారు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందన్నది. మంచిదే. అయితే కాగితం పోయిన చోట ఏమి పెట్టుకోవాలో మనం అనుకోలేదు. ఖాళీగా ఉన్న ఆ చోట్లో నా టిఫిను డబ్బా వచ్చి కూర్చున్నది.

ఆ నాయనమ్మను ఇంటికి తెచ్చాక పలకరించడానికి పోయాను. ఆ పిల్ల తల్లిని, "జ్వరం పిల్లను ఎందుకు పంపావమ్మా?" అని అడిగాను. అడిగేటప్పుడే నా గొంతులో బలం లేదు. ఆమె తల వంచుకుని, "హాజరు తగ్గితే అమ్మ ఒడి డబ్బు రాదన్నారు మాస్టారూ. ఇంట్లో పెడితే నేను పనికి పోయేదెట్లా?" అన్నది.

ఆమె మాట అబద్ధం కాదు. 2020 జనవరిలో మొదలైన ఆ పథకానికి 75 శాతం హాజరు నిబంధన. బళ్ళు మూసి ఉన్న కాలంలో దాన్ని పట్టించుకోలేదు గాని, 2022 జూన్‌లో డబ్బు వేసినప్పుడు గట్టిగా పట్టుకున్నారు. హాజరు చాలక కొందరు తల్లులకు రాలేదు కూడా. 2025 జూన్‌లో డబ్బు పడ్డ "తల్లికి వందనం" పథకానికీ 75 శాతమే హద్దు. బీద ఇంట్లో ఆ డబ్బు ఒక ఏటి పుస్తకాలు, బట్టలు, చెప్పులు.

నేను ఇంటికి వచ్చి గోడ క్యాలెండరు దింపి, వెనక లెక్క వేశాను. విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పని దినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220. రెండు వందల్లో 75 శాతమంటే 150. అంటే 50 రోజులు రాకపోయినా నిబంధనకు భంగం లేదు. రెండు వందల ఇరవై అయితే 55 రోజులు. చదువరులారా, పిల్లకు ఏడాదిలో అయిదారు సార్లు జ్వరం వచ్చి, వచ్చినప్పుడల్లా మూడేసి రోజులు మానినా పద్ధెనిమిది రోజులు దాటవు! నిబంధన మనం అనుకున్నంత కఠినురాలు కాదు. దాని మీది భయం కఠినమైంది. నిబంధనలో వందకు డెబ్బయి అయిదు అని ఉంటే, వందకు వంద అని పిల్లల చెవిలో ఊదినవాణ్ణి నేనే.

ఆ కాగితం మీదనే, మా ప్రాంతపు ఆస్పత్రి డాక్టరమ్మగారిని అడిగి, ఏ రోగానికి ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచాలో కూడా రాసుకున్నాను. పై దేశాలవాళ్ళూ దాదాపు ఇదే పాటిస్తున్నారు. పదిమందికీ పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

ముక్కు కారుతూ, కాస్త దగ్గు ఉండి, పిల్ల హుషారుగా ఉంటే పంపొచ్చు. థర్మామీటరు 100.4 దాటితే పంపకూడదు. మందు వెయ్యకుండా ఒక పగలూ ఒక రాత్రీ జ్వరం లేకుండా ఉండి, ఒంట్లో నెమ్మదిస్తే అప్పుడు పంపాలి. అమెరికాలో 2024 మార్చి నుంచి కోవిడ్‌కు కూడా ఇదే కొలత. వాంతులు, విరేచనాలు అయితే ఆఖరిది అయినాక రెండు రోజులు. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా. తట్టు అయితే దద్దురు కనిపించిన తరువాత నాలుగు రోజులు. గవదబిళ్ళలైతే వాపు మొదలైన తరువాత అయిదు రోజులు. కళ్ళకలక అయితే పుసులూ నీరూ తగ్గేదాకా ఇంట్లో ఉంచడం మేలు. డెంగీ, మలేరియా దోమవల్ల వచ్చేవే గాని పక్క పిల్లనుంచి అంటుకోవు. అయినా ఆ పిల్లకు విశ్రాంతి కావాలి. అంచేత జ్వరం రెండు మూడు రోజులు వదలకపోతే రక్తపరీక్ష చేయించాలి. ఎగశ్వాస వచ్చినా, నీళ్ళు కూడా తాగకపోయినా, మగతగా పడి ఉన్నా ఏ లెక్కా చూడకుండా ఆస్పత్రికి పోవాలి.

ఇందులో కొత్త ఏముంది చెప్పండి? మా చిన్నతనంలో ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. ఆ మండ చూస్తే పక్కింటివాళ్ళు గడప తొక్కేవారు కారు. పిల్ల బయటికి వచ్చేది కాదు. ఏ పరీక్షా లేదు, ఏ కాగితమూ లేదు. రోగమేమిటో తెలియకపోయినా, రోగం ఉన్నదని తెలిస్తే చాలు, ఇల్లు దాటనివ్వకూడదన్న మర్యాద మాత్రం ఉండేది.

అయితే ఆ కూలితల్లి రెండో ప్రశ్న ఉన్నదే, "నేను పనికి పోయేదెట్లా?" అని, దానికి ఏ క్యాలెండరు వెనకా జవాబు లేదు. రోజు కూలి పోగొట్టుకోమని ఆమెకు చెప్పే హక్కు పింఛను తినే నాకు లేదు. అంచేత మా కోడలే ముందుకు వచ్చింది. "ఈసారి పిల్లకు బాగాలేకపోతే మా వసారాలో పడుకోబెట్టి పో వదినా, నేను చూస్తాను. ముసలామెకు దూరంగానూ ఉంటుంది" అన్నది. అప్పటినుంచి రెండుసార్లు అట్లాగే జరిగింది. కిటికీలు తెరిచి పెట్టి, నేను వాకిట్లో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను.

ఇక డబ్బా సంగతి. ఆ ఏడు వార్షికోత్సవానికి ముందు హెడ్మాస్టరుగారి దగ్గరికి పోయి, "బహుమతి షరతు మార్చండి" అన్నాను. ఆయన నవ్వి, "మీ హాజరుపట్టీ మీరే చించుకుంటున్నారా మాస్టారూ?" అన్నారు. ఇప్పుడా డబ్బా, జబ్బు చేసి మానిన పిల్లకు నోట్సు రాసిచ్చి, వెనకబడ్డ పాఠం చెప్పి నిలబెట్టిన పిల్లకు ఇస్తున్నాం. మొదటి ఏడు అది మా మనవరాలికి రాలేదు. రెండు రోజులు అలిగింది.

మొన్న వానల్లో దానికి మళ్ళీ జ్వరం. తనే మంచం మీద కూర్చుని చీటీ రాసింది. "తాతయ్యా, 'ప్రార్థన'లో వత్తు ఎక్కడ?" అని అడిగితే చెప్పాను. ఆ చీటీ నేనే పట్టుకుని బడికి బయల్దేరాను. ముప్ఫయి మూడేళ్ళలో నేను చూసిన సెలవు చీటీల్లో అక్షరాలా నిజమైనది అదే కాబోలు!

దారిలో ఆ నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం, వీధి చివరి దాకా కూడా రాలేదు.

"పిల్ల బడికి పోలా మాస్టారూ?" అన్నది.

"లేదక్కా, జ్వరం."

"అయ్యో తల్లీ! ఉంచండి, ఉంచండి. బడి ఎక్కడికీ పోదు" అన్నది.